మద్రాసీ

మద్రాసు అనే ఊరిపేరుకు హిందుస్తానీ ‘ఈ’ ప్రత్యయం చేరి ఏర్పడిన మాట ఇది. ట్రినిడాడ్ దీవిలో ఇది ఓడ ఎక్కిన రేవును సూచించింది. 1845 మే 30న ఫతేల్ రజాక్ ఓడ చేరింది మొదలు 1917 వరకు 1,40,000కు పైగా భారతీయులు ఒప్పంద కూలీలుగా అక్కడికి వెళ్లారు. అత్యధికులు కలకత్తా నుంచి, కొందరు మద్రాసు నుంచి. ఆ కొందరిలోని తమిళులు, తెలుగువారు అందరూ ‘మద్రాసీ’లే అయ్యారు. తెలుగు ఉనికిని కమ్మేసిన మాట ఇది. పూర్వీకుల జాడ వెతికేవారికి తోవ ఇక్కడే మూసుకుపోతుంది. దాన్ని తెరిచేవి వలస పత్రాలు: ఓడ, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, గ్రామం. గుమాస్తా చెవికి వినబడినట్టు ఇంగ్లీషులో రాసిన ఊరిపేర్లను పైకి చదివితేనే తెలుగు రూపం బయటపడుతుంది.