సూర్యబింబమును గొలిచిన రాజు – అతని శిల్పులు

రాజు తలచినచో ప్రజల దేవుని మార్చగలడా? ఈ ప్రశ్నకు సమాధానము 3300 సంవత్సరములకు పూర్వము ఈజిప్టు దేశమున జరిగిన యొక వృత్తాంతమున గలదు.

ఆ దేశమున శిల్పి కట్టుబాట్లకు లోబడినవాడు. గోడలపై రాజును చెక్కునపుడు ముఖమును పాదములును ప్రక్కకు దిరిగి యుండవలెను. భుజములు ఎదురుగా నుండవలెను. ఈ పద్ధతి వేయేండ్లకు పైగా నడచెను.

క్రీ. పూ. 1350 ప్రాంతమున నాలుగవ అమెన్‌హోటెప్ రాజ్యమునకు వచ్చెను. అప్పుడు థీబ్సు నగరమున అమున్ దేవుని ఆలయమునకు విస్తారమైన మాన్యములును ధనమును గలవు. ఈ రాజు ఆ దేవుని విడిచి, ఆటెన్ అను సూర్యబింబమును గొలిచెను. తన యేలుబడి 5వ యేట అఖెనాటెన్ అని పేరు మార్చుకొని, నైలునది తూర్పుగట్టున బీడునేలపై క్రొత్త రాజధానిని గట్టింప బూనెను. నేడు ఆ చోటును అమర్నా యందురు. అచట ఆటెన్‌ను బయలుముంగిళ్లలో, ఎండలోనే పూజించెడివారు.

శిల్పమును మారెను. రాజునకు పొడుగుపాటి ముఖము, సన్నని మెడ, వ్రేలాడు పొట్ట ఏర్పడినవి. రాజదంపతులు బిడ్డలను ఒడి నుంచుకొని ముద్దాడుచుండగా, సూర్యకిరణములు చిన్న హస్తములై వారికి ప్రాణము నందించుచుండును. బెక్ అను శిల్పి, తనకు రాజే గురువని ఆస్వాన్‌లోని కొండరాతిపై చెక్కించుకొనెను. తుత్‌మోసు అను శిల్పి కర్మశాలయందు 1912లో దొరకిన నెఫర్‌టీటి రాణి ప్రతిమ నేడు బెర్లిను నగరమున నున్నది.

ఈ సౌందర్యమునకు వెల యిచ్చిన వారెవరు? అమర్నా శ్మశానములలో బయల్పడిన సామాన్యుల యస్థికలు ఆ మాట చెప్పుచున్నవి. పెక్కుమంది పిన్నవయస్సుననే మరణించిరి. బరువులు మోసి మోసి వెన్నెముకలు చెడిపోయినవి. పనివారు కాపురమున్న చోట్ల బేస్, తావెరెట్ అను పాతదేవతల తాయెత్తులును దొరకినవి. కాన్పునందు తల్లిని గాచు దేవతను, రాజాజ్ఞ వచ్చినదని, ఏ యిల్లాలు విడువగలదు?

సుమారు 17 ఏండ్లు ఏలి అఖెనాటెన్ గతించెను. కొలది కాలమునకు బాలుడైన టుటంఖాటెన్ రాజై, టుటంఖామున్ అని పేరు మార్చుకొని, అమున్ పూజలను మరల నిలిపెను. క్రొత్త రాజధాని పాడుపడెను. తరువాతి రాజులు అఖెనాటెన్ గుళ్ల రాళ్లను పెరికి, తమ కట్టడముల లోపల నింపిరి. ఎండకు గాలికి చిక్కక దాగియుండుటచేతనే వేలకొలది రాళ్లు మనకు దక్కినవి. చెరుపదలచిన వారే కాపాడినవారైరి!

1922లో టుటంఖామున్ సమాధియందు ఒక బంగారు సింహాసనము దొరకెను. దానిపై రాణి తన భర్తకు లేపనమలదుచున్నది. పైన ఆటెన్ కిరణములు చేతులు చాచియున్నవి. రాజాజ్ఞ గడప దాటి యింటిలోని కొలువును మార్చలేకపోయెను. కాని దంపతుల మమతను రాతిలో జూపుట నేర్చిన శిల్పి, రాజు పోయిన పిదపను దానిని మరువలేదు.