మోనుమెంటుమ్ ప్రో జెజువాల్డో

మోనుమెంటుమ్ ప్రో జెజువాల్డో అనేది జార్జ్ బాలంచిన్ రూపకల్పన చేసిన ఒక లఘు ఆధునిక బ్యాలే. ఇగోర్ స్ట్రావిన్‌స్కీ ఇదే పేరుతో కూర్చిన వాద్య సంగీతం దీనికి ఆధారం. ఆ సంగీతానికి మూలం ఇటలీ సాంస్కృతిక పునరుజ్జీవన కాలపు చివరి దశకు చెందిన స్వరకర్త కార్లో జెజువాల్డో రచించిన మూడు మాడ్రిగల్ గీతాలు. ఈ బ్యాలేను న్యూయార్క్ సిటీ బ్యాలే సంస్థ 1960 నవంబర్ 16 న న్యూయార్క్ నగరంలోని సిటీ సెంటర్‌లో తొలిసారి ప్రదర్శించింది. ప్రదర్శన కాలం పది నిమిషాల లోపే. లాటిన్ పేరుకు "జెజువాల్డో కొరకు స్మారకము" అని అర్థం.

మూల స్వరకర్త

కార్లో జెజువాల్డో (1566 - 1613) దక్షిణ ఇటలీలోని వెనోసా సంస్థానానికి ప్రభువు. 1590 అక్టోబరులో నేపుల్స్‌లో ఇతడు తన భార్య మరియా దావలోస్‌ను, ఆమె ప్రియుడైన ఆండ్రియా ప్రభువు ఫాబ్రిజియో కరాఫాను చంపించాడు. ఉన్నత వంశీయుడు కావడం వలన, ఇటువంటి హత్యలను కుల గౌరవ రక్షణగా భావించే నాటి ఆచారం వలన ఇతడికి శిక్ష పడలేదు. 1594 లో ఫెరారా రాజవంశానికి చెందిన లియొనోరా దెస్తెను వివాహమాడి, సంగీత ప్రయోగాలకు పేరొందిన ఆ నగరంలో కొంతకాలం గడిపాడు.

మాడ్రిగల్ అనగా సాధారణంగా ఐదు గొంతులు వేర్వేరు వరుసలను ఒకేసారి పాడే లౌకిక గీతం. ఒకదానికొకటి సంబంధం లేనట్లు తోచే స్వర సముదాయాలను పక్కపక్కన నిలిపి, దుఃఖాన్నీ విరహాన్నీ పలికించడం జెజువాల్డో ప్రత్యేకత. ఈ విపరీత శైలికి అతని నేరమే కారణమని చెప్పే వాడుక ఉంది. అయితే ఆ తరహా రచనలు ఎక్కువగా కనిపించే ఐదవ, ఆరవ సంపుటాలు హత్యలు జరిగిన ఇరవై ఏళ్ల తరువాత, 1611 లో వెలువడ్డాయి. పైగా ఫెరారా స్వరకర్తలు కూడా అటువంటి ప్రయోగాలు చేశారు. కనుక సంగీతాన్ని కేవలం పశ్చాత్తాప ఫలితంగా చూడడం సరికాదు. అలాగని సంగీత గొప్పతనం వలన నేరం తేలిక కాదు.

సంగీతం

స్ట్రావిన్‌స్కీ అంతకు ముందే జెజువాల్డో భక్తి గీతాలలో లుప్తమైన గాత్ర భాగాలను స్వయంగా రచించి, మూడు గీతాలను పూరించాడు. 1960 లో జెజువాల్డో నాలుగు వందల జయంతి సందర్భంగా ఈ కృతిని చేపట్టాడు. అప్పట్లో జన్మ సంవత్సరాన్ని 1560 గా భావించేవారు. 1566 అన్నది తరువాత స్థిరపడింది. ఎన్నుకున్న గీతాలు ఇవి:

* అషుగాతే ఇ బెల్లీ ఓక్కీ (ఐదవ సంపుటం)
* మా తూ, కాజోన్ ది క్వెల్లా (ఐదవ సంపుటం)
* బెల్తా, పోయి కే తాస్సెంతి (ఆరవ సంపుటం)

స్ట్రావిన్‌స్కీ సాహిత్యాన్ని పూర్తిగా తొలగించాడు. ఒక గొంతు పాడవలసిన వరుసను ముక్కలుగా విడదీసి తంత్రీ వాద్యాలకు, ఓబో, బసూన్, హార్న్, ట్రంపెట్, ట్రోంబోన్ వంటి సుషిర వాద్యాలకు పంచాడు. కొన్ని స్వరాల స్థాయిని మార్చాడు. అందువలన దీనిని వాద్యానువాదం అనడం కంటే పునఃసృష్టి అనడం సముచితం. ఈ కృతిని 1960 సెప్టెంబర్ 27 న వెనిస్‌లో స్ట్రావిన్‌స్కీ స్వయంగా నిర్వహించాడు. బ్యాలే దాని తరువాత రెండు నెలలలోపే వచ్చింది.

నృత్యం

ఇందులో కథ లేదు. హత్యల ప్రస్తావన కూడా లేదు. భారతీయ పరిభాషలో చెప్పాలంటే ఇది నృత్తానికి దగ్గరైనది. ఒక ప్రధాన జంట, ఆరు ఇతర జంటలు పాల్గొంటాయి. తొలి ప్రదర్శనలో డయానా ఆడమ్స్, కాన్రాడ్ లడ్లో ప్రధాన పాత్రధారులు. రంగాలంకరణ, దీపాలంకరణ డేవిడ్ హేస్‌వి.

నిదానమైన నడకలు, బారులు తీరడం, చేతులు కలిపి తిరగడం పాత రాజాస్థాన నృత్యాల మర్యాదను స్ఫురింపజేస్తాయి. అంతలోనే శరీరం తూకం తప్పి ఒరిగే భంగిమలు ఆధునికతను తెస్తాయి. చివరి భాగంలో నాయికను పురుషులు గాలిలోకి విసిరి అందుకుంటారు. ఆడంబరమైన దుస్తులు లేకుండా, సాధన వేళ ధరించేటటువంటి తెలుపు, నలుపు వస్త్రాలతో ప్రదర్శించడం వాడుకగా మారింది.

తరువాతి చరిత్ర

బాలంచిన్ 1963 లో స్ట్రావిన్‌స్కీ రచన "మూవ్‌మెంట్స్ ఫర్ పియానో అండ్ ఆర్కెస్ట్రా"కు మరొక బ్యాలే కూర్చాడు. 1960ల మధ్యకాలం నుండి న్యూయార్క్ సిటీ బ్యాలే ఈ రెండింటినీ జంటగా ప్రదర్శిస్తూ వచ్చింది. మొదటిది పాత గీతాల పునఃసృష్టి, రెండవది పన్నెండు స్వరాల పద్ధతిలో సాగిన కొత్త రచన. రెండూ వెంటవెంటనే విన్నప్పుడు జెజువాల్డో స్వరాలు ఇరవయ్యవ శతాబ్దపు సంగీతానికి ఎంత చేరువలో ఉన్నాయో ప్రేక్షకుడికి సులభంగా బోధపడుతుంది.