అమ్మమ్మ సూదుల గొట్టం

మా అమ్మమ్మ కుట్టుపెట్టెలో చిటికెనవేలంత ఇత్తడి గొట్టం ఒకటుండేది. లోపల సూదులు, మూతికి గుడ్డముక్క బిరడా. సెలవులకి రాజోలు దగ్గర వాళ్ళ ఊరికి వెళ్ళినప్పుడు, ఒకరోజు దాని అడుగున వెంట్రుకంత పగుల్లోంచి సూదిమొన వచ్చి నా వేలికి గుచ్చుకుంది.

“ఇంటినిండా ఇత్తడి ఉంటే నీకీ చిల్లుగొట్టమే దొరికిందా?” అన్నాను విసుగ్గా.

“మీ చిన్నతాతయ్య కన్ను పుచ్చుకుందే అది. ఎలా పారేస్తానూ?” అంది అమ్మమ్మ.

అది పేలిన తూటా తాలూకు డొల్లట!

తూటా అనగానే మనకి 1857 గుర్తొస్తుంది. అప్పటి తూటా కాగితం పొట్లం. దానికి పూసిన కొవ్వు ఆవుదో పందిదో అన్న అనుమానం దేశాన్నే అంటించింది. తర్వాత కాగితం పోయి ఇత్తడి వచ్చింది. నూటికి డెబ్భై పాళ్ళు రాగి, ముప్ఫై పాళ్ళు తుత్తునాగం. పూనా దగ్గర కిర్కీలో 1869లోనే మందుగుండు కర్మాగారం పెట్టిన దొరలు, 1878లో ఆయుధాల చట్టం తెచ్చి లైసెన్సు లేనిదే మనవాళ్ళు తుపాకి పట్టకూడదన్నారు.

మన గోదావరికి ఎగువన, మన్యంలో, ఆ తూటాల విలువ అల్లూరి సీతారామరాజుకి తెలుసు. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద పడి 26 తుపాకులు, 2,500కి పైగా తూటాలు పట్టుకుపోయాడు. కిర్కీలో రోజూ కొత్తవి తయారవుతూనే ఉంటాయి. మన్యంలో కర్మాగారం ఏదీ? తూటా అయిపోతే తుపాకికీ రోకలిబండకీ తేడా ఏముందండీ!

మా చిన్నతాతయ్యది అంత గొప్ప కథ కాదు. జమీందారీలు పోకముందు ఒక జమీందారుగారి వేట తుపాకులు చూసేవాడు. యుద్ధకాలంలో సీమ తూటాలు కరువయ్యాయి. పేలిన డొల్లలు ఏరి తెచ్చి, క్యాపు మార్చి, మందు పోసి, గుండు బిగించి మళ్ళీ తయారుచేసేవాడు.

ఇక్కడో చిత్రం ఉంది. పేలినప్పుడు వేడికీ ఒత్తిడికీ డొల్ల ఉబ్బుతుంది. దాన్ని అచ్చులో పెట్టి నొక్కితే, పూరీపిండిని పీట మీద వత్తితే సాగినట్టు, ఇత్తడి మెడవైపు సాగుతుంది. పోలీసుల చేతుల్లో దశాబ్దాలపాటు మనం చూసిన త్రీ-నాట్-త్రీ తూటా డొల్ల 56.4 మిల్లీమీటర్లు దాటకూడదు. దాటిందా, మూతి గొట్టం అంచుకి తగిలి గుండుని నొక్కేస్తుంది. గుండు వదలదు, లోపల ఒత్తిడి పెరిగిపోతుంది. అందుకే మళ్ళీ నింపేముందు పెరిగిన మెడని కత్తిరించి, లోపలా బయటా గరుకు తీసి నున్నగా చెయ్యాలి.

చిన్నతాతయ్య కొత్తపేట కంసాలి చేత ఉక్కుకొలత చేయించుకున్నాడట. డొల్లని అందులో దూర్చి, పైకి తేలినంత మేరా ఆకురాయితో రాసేవాడు. రాలిన పొడి బంగారంలా మెరిసేదని అమ్మమ్మ చెప్పేది. కొలత ఏనాడూ తప్పలేదు. మరి కన్నెలా పోయింది?

నాకు పెద్దయ్యాక తెలిసింది. మెడ దగ్గర పెరిగిన ఇత్తడి ఆకాశంలోంచి ఊడిపడదు, డొల్ల ఒంట్లోంచే రావాలి. పేలిన ప్రతిసారీ అడుగుకి కాస్త పైన గోడ పల్చబడుతూ వస్తుంది. పైన కత్తిరించి కొలత సరిచేశాం అనుకుంటాం. లోపల మొదలు తరిగిపోవడం కొలబద్దకి కనబడదు. సన్నని తీగ వంచి లోపలి గోడని తడిమి చూస్తే, పల్చబడినచోట గీతలాగా తగులుతుంది. అలా తడిమి చూడాలని ఆయనకి ఎవరూ చెప్పలేదు. ఓ రోజు ఆ పల్చని చోటే పగిలింది. మంటగాలి వెనక్కి తన్ని కుడికన్ను తీసుకుపోయింది.

ఇప్పుడు 1959 చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా ఎవరూ తూటాలు తయారుచెయ్యకూడదు. మంచిదే.

అమ్మమ్మ పోయాక కుట్టుపెట్టె నాకు వచ్చింది. పదహారో ఏట కాపురానికొచ్చి, అందరి కొలతలకీ సరిపోయేట్టు తనని తాను కత్తిరించుకుంటూ బతికిన మనిషి ఆమె. “మా కోడలికి వంక పెట్టడానికేం లేదు” అనేవారట అందరూ. లోపల ఎంత అరిగిపోయిందో ఒక్కరూ తడిమి చూడలేదు. నేనూ చూడలేదు.

సూదులు ఇప్పటికీ ఆ గొట్టంలోనే ఉంచుతున్నాను. అప్పుడప్పుడు గుచ్చుకుంటూనే ఉంటాయి.