అఫీమ్ తిజారత్, ఉప్పు చోరీ

మన ఇళ్లలో "నమక్ హరామ్"ను మించిన తిట్టు లేదు. తిన్న ఉప్పుకి వఫాదారీ చూపించాలని బుజుర్గులు నేర్పారు. మరి ఆ ఉప్పు ఎవరిది?

మా తోట్లవల్లూరు పక్కన పారే కృష్ణ దివిసీమ దగ్గర సముద్రంలో కలుస్తుంది. బందరు నుంచి దివిసీమ దాకా ఆ తీరమంతా ఉప్పు నేలే. 1805లో ఈస్టిండియా కంపెనీ మద్రాస్ ఇలాఖాలో ఉప్పును తన గుప్పిట్లో పెట్టుకుంది. పండించినవాడు సర్కారుకే ఇవ్వాలి. చాటుగా అమ్మితే జుర్మ్.

అదే కంపెనీ 1773 నుంచి బెంగాల్, బీహార్‌ల నల్లమందును కూడా తన చేతిలో పెట్టుకుంది. చైనా 1729లోనే అఫీమ్ అమ్మకాన్ని, ఆ తర్వాత దిగుమతిని నిషేధించింది. అందుకని కంపెనీ తన సొంత జహాజుల్లో సరుకు ఎక్కించేది కాదు. కలకత్తాలో హర్రాజ్ వేసి డబ్బు తీసుకునేది. ప్రైవేటు తాజిర్లు కొని కాంటన్ దగ్గరి లింటిన్ దీవికి చేర్చేవారు. అక్కడ లంగరేసిన ఓడల నుంచి చైనా పడవలు దొంగతనంగా ఒడ్డుకు దింపేవి. ఈ తిజారత్‌లో ఇంగ్లీషువాళ్లే కాదు, పార్సీలూ ఉన్నారు. బొంబాయి కొంకణీ ముసల్మాన్ మొహమ్మద్ అలీ రోగే కూడా ఉన్నాడు. తవారీఖ్‌లో మనవాళ్ల పేరు వచ్చినప్పుడు పేజీ తిప్పేయకూడదు.

1839లో చైనా బాద్షా పంపిన అధికారి లిన్ జెషు 20,000కు పైగా పెట్టెల అఫీమ్ స్వాధీనం చేసుకున్నాడు. జూన్‌లో హుమెన్ దగ్గర గుంటలు తవ్వించి, నీళ్లలో ఉప్పు, సున్నం కలిపి దాన్ని కరిగించి సముద్రంలోకి వదిలాడు. మీ దేశానికి హాని అనిపించేదాన్ని మా మీదికి ఎందుకు పంపుతారని విక్టోరియా రాణికి ఖత్ కూడా రాశాడు. జవాబుగా జంగ్ వచ్చింది.

ఆ జంగ్‌కి మద్రాస్ ఫౌజు వెళ్లింది. అందులో తెలుగువాళ్లు, ముసల్మాన్లు పెద్ద సంఖ్యలో ఉండేవారు. 1841 మే చివర్లో కాంటన్ దగ్గర సన్యువాన్లీలో 37వ మద్రాస్ పటాలానికి చెందిన ఓ చిన్న దళం కుండపోత వానలో దారి తప్పింది. తుపాకి మందు తడిసి తుపాకులు పేలలేదు. చుట్టూ ఈటెలు పట్టుకున్న రైతులు. ఆ రైతులతో వీళ్లకి ఏ దుష్మనీ లేదు. కంపెనీ నమక్ తిన్నారు, అంతే. మెరైన్లు వచ్చి కాపాడేదాకా కలబడుతూనే ఉన్నారు.

1842 నాన్‌కింగ్ ఒడంబడికలో చైనా 2 కోట్ల 10 లక్షల డాలర్లు కట్టడానికి ఒప్పుకుంది. అందులో 60 లక్షలు లిన్ కరిగించిన అఫీమ్ ఖరీదే! స్మగ్లర్లకి ముఆవజా దొరికింది. మన తీరంలో ఉప్పు కోసం మాత్రం 1930లోనూ జనం లాఠీలు తినాల్సి వచ్చింది.

పిల్లలు స్మగ్లింగ్ అంటే ఏమిటని అడిగితే ఈ రెండు కథలూ కలిపి చెప్పండి. ఖానూన్ ఎవరు రాశారో, జేబు ఎవరిది నిండిందో వాళ్లే అడుగుతారు.