దండెం: కృష్ణా పశ్చిమ డెల్టా గృహజీవనంలో బట్టల ఆరవేత – ఒక చారిత్రక పరిశీలన

ఆస్ట్రేలియా గృహజీవన చరిత్రలో బట్టలు ఆరవేసే ఒక పరికరానికి ప్రత్యేక స్థానం ఉంది. పెరటి మధ్య ఒక ఇనుప స్తంభం, దాని తలపై గొడుగు కమ్ముల్లా చాచిన చేతులు, వాటి నడుమ వరుసలుగా తీగలు. గాలికి అది తనంతట తిరుగుతుంది. పిడి తిప్పితే పైకి లేస్తుంది. గిల్బర్ట్ టోయిన్ 1911 నుంచే ఇటువంటి వాటికి పేటెంట్లు పొందాడు. అయినా 1945లో అడిలైడ్‌లో లాన్స్ హిల్ తన పెరట్లో తయారుచేయనారంభించిన 'హిల్స్ హోయిస్ట్' పేరే జనంలో నిలిచింది. అంతకుముందు అక్కడ వాడుకలో ఉన్నది రెండు గుంజల నడుమ కట్టిన తీగ, అది వేలాడకుండా మధ్యలో ఆనించే పంగలకర్ర. ఈ పాత రూపం తెలుగువారికి కొత్తది కాదు. దాని తరువాతి కథలోనే తేడా ఉంది. అక్కడ బట్ట ఆరే తీరును మార్చినది యుద్ధానంతరం పెరిగిన విడి ఇళ్లు, విశాలమైన పెరళ్లు. తెలుగునాట దానిని నిర్ణయించినది స్థలం ఒక్కటే కాదు, స్పర్శ కూడా. చుండూరు, తెనాలి, రేపల్లె, బాపట్ల ప్రాంతాన్ని ప్రధానంగా దృష్టిలో ఉంచుకొని ఈ వ్యాసం ఆ విషయాన్ని పరిశీలిస్తుంది.

మడి దండెం

'దండెం' అనే మాటలో 'దండం' వినిపిస్తుంది. దండమంటే కర్ర. తాడు దండేలు తరువాత విరివిగా వచ్చినా, పాత ఇళ్లలో వసారా దూలాలకు రెండు వైపులా ఉరులు కట్టి అడ్డంగా వేలాడదీసిన వెదురు గడనే దండెమనేవారు. బ్రాహ్మణ గృహాలలో అది మనిషి చేతికి అందని ఎత్తులో ఉండేది. తడిపి పిండిన బట్టను కర్రతో పైకెత్తి ఆరవేసేవారు. మరునాడు స్నానం చేసిన మనిషి మళ్లీ కర్రతోనే దించుకొనేది. నడుమ ఎవరి చేయీ తగలకూడదు, పిల్లలది కూడా. వానాకాలంలో బట్ట ఆరకపోతే తడిబట్టతోనే వంట చేయాలి, లేదా ధావళి కట్టుకోవాలి. పట్టుకు, ఉన్నికి మైల అంటదన్న వెసులుబాటు ఆచారం లోపలే ఉంది. ఈ నియమాల భారమంతా మోసినది వంటింటి స్త్రీ, అందులోనూ వితంతువు. మడిని గురించిన చర్చ తరచుగా శాస్త్రం వైపు వెళుతుంది. తడిబట్టతో పొయ్యి ముందు కూర్చున్న మనిషి వైపు అంతగా వెళ్లలేదు.

ఇక్కడ ఒక వైరుధ్యం గమనించదగినది. చాకలి ఉతికి తెచ్చిన బట్ట శుభ్రమైనదే గాని మడి బట్ట కాదు. దానిని ఇంట్లో మళ్లీ నీళ్లలో జాడించి దండెం మీద వేస్తేనే మడికి పనికివచ్చేది. మురికి పోగొట్టిన చేతులనే ఆచారం మైలగా లెక్కించింది. పాల్కురికి సోమనాథుని బసవపురాణంలోని మడివాలు మాచయ్య కథ ఈ లెక్కను తలకిందులు చేస్తుంది. అందులో శివభక్తుల బట్టలు మాత్రమే ఉతికే చాకలే ఆ మూటను భవులు తాకరాదని శాసిస్తాడు. తాకరాదనే నియమం మాత్రం అక్కడా పోలేదు, దాని దిశ మారింది.

రేవు

బెజవాడ వద్ద కృష్ణపై 1855 నాటికి ఆనకట్ట పూర్తయి పశ్చిమ డెల్టాకు కాలువలు సాగాక, ఈ ప్రాంతపు ఊళ్లకు కాలువ గట్టే చాకిరేవుగా అమరింది. చవుడు కలిపిన నీళ్లలో నానబెట్టడం, బానలో ఉడకబెట్టడం, బండకేసి బాదడం, గట్టు మీది పచ్చికపైనో పొదలపైనో పరచడం, ఇదీ క్రమం. ఏ బట్ట ఎవరిదో తెలియడానికి నల్లజీడి రసంతో గుర్తు పెట్టేవారు. ప్రతిఫలం కళ్లంలో కొలిచే మేర, రోజూ పెట్టే కూడు. పురుడు, ముట్టు, చావు మైలల బట్టలు కూడా ఆ ఇంటి చాకలే మోయాలి. తిరస్కరించే హక్కు లేని పనిని 'సేవ' అనడం చరిత్ర రచనలో ఇంకా కొనసాగుతున్న అలవాటు.

మాల, మాదిగ వాడలకు ఈ సేవ కూడా లేదు. ఊరి చాకలి వారి బట్టలు ఉతకకూడదన్నది కట్టుబాటు. కనుక అక్కడి స్త్రీలు కూలి నుంచి వచ్చాక తామే ఉతుక్కొని ఇంటి చూరు మీద, కంప మీద ఆరవేసుకొన్నారు. ఊరి వాళ్లు మార్పుగా భావించే 'ఇంట్లో ఉతుక్కోవడం' వాడలో తరతరాల వాస్తవం.

స్పర్శ చుట్టూ అల్లుకొన్న ఈ వ్యవస్థ గతించిన కాలపు ఆచారం మాత్రమే కాదనడానికి చుండూరే సాక్ష్యం. 1991లో సినిమా హాలులో ఒక దళిత యువకుని కాలు అగ్రకుల ప్రేక్షకునికి తగిలిందన్న గొడవ సాంఘిక బహిష్కరణగా పెరిగింది. ఆగస్టు 6న ఎనిమిది మంది దళితుల హత్యకు దారితీసింది. మృతదేహాలను గోనెసంచులలో కుక్కి కాలువలలో పడవేశారు. 2007లో ఆ ఊళ్లోనే ఏర్పాటైన ప్రత్యేక న్యాయస్థానం శిక్షలు విధించగా, 2014లో హైకోర్టు వాటిని కొట్టివేసింది.

డాబా

సర్ఫ్ పొడి 1959లో వచ్చింది, నిర్మా 1969లో. వీటితోపాటు గంజి అక్కరలేని, త్వరగా ఆరే టెరిలీన్, పాలియెస్టర్ బట్టలు చాకిరేవు అవసరాన్ని తగ్గించాయి. మేర ఆగిపోయిన కుటుంబాలలో కొన్ని పట్టణాలకు వెళ్లి ఇస్త్రీ బండ్లు పెట్టుకొన్నాయి. పెంకుటింటి వసారా పోయి డాబా వచ్చాక దండెం పైకప్పుకు చేరింది. వెదురు స్థానంలో జి.ఐ. తీగ, నైలాను తాడు, ప్లాస్టిక్ క్లిప్పులు. పెరడు గోడలకు కుంచించుకుపోయిన ఇళ్లలో ఆస్ట్రేలియా తిరుగుడు దండేనికి చోటు లేదు. తెనాలి వంటి పట్టణాల అపార్టుమెంట్లలో ఇప్పుడు కనిపించేది బాల్కనీ కప్పుకు బిగించిన స్టీలు కడ్డీలు. కప్పీల మీద తాడు లాగితే తలకు పైకి వెళతాయి. వాటి మీద బట్టలు వేస్తున్నది చాలా ఇళ్లలో పనిమనిషే. ఆమెను పనిలో పెట్టుకొనే ముందు కులం అడగడం మాత్రం అన్ని ఇళ్లూ మానలేదు.