సరస్వతి ఆకు

ఓరుగల్లు నేల చెరువుల నేల. మత్తడి కింద, పొలం కాలువ గట్టున, తేమ ఆరని చోట నేలను అంటుకొని పాకే మొక్క సరస్వతి ఆకు. గుండ్రని ఆకు, అంచున చిన్న నొక్కులు, కాడ అతుక్కునే చోట లోతైన చీలిక. తీగ కణుపు నేలను తాకిన చోటల్లా వేరు దిగుతుంది, అందుకే ఏటేటా విత్తే పని లేదు. పువ్వు చూడాలంటే మాత్రం వంగి ఆకులు పక్కకు తీయాలి. లేత ఎరుపు పూలు, మూడు నాలుగు కలిసి, మట్టికి దగ్గరగా దాక్కుంటాయి. కొత్తిమీర, జీలకర్ర, వాము, క్యారెట్ దీని చుట్టాలే.

సంస్కృతంలో దీని పేరు మండూకపర్ణి. మండూకమంటే కప్ప. కప్పలుండే తడినేలలో పెరిగే మొక్కకు ఆ పేరు చక్కగా అతికింది. చరక సంహిత తెలివిని పెంచే నాలుగు రసాయనాల్లో మండూకపర్ణి రసాన్ని చేర్చింది. తెలుగువాళ్లు కప్పను వదిలి ఆ గుణాన్నే పట్టుకున్నారు, చదువుల తల్లి పేరు పెట్టుకున్నారు. నాకు మన పేరే ఇష్టం.

చిక్కల్లా ‘బ్రాహ్మి’ అనే మాటతోనే. ఆ పేరుతో అమ్మేది కొన్నిచోట్ల ఇదే, కొన్నిచోట్ల బకోపా అనే వేరే మొక్క. బకోపాది చిన్న, దళసరి ఆకు. తెల్లని లేదా లేత నీలి పువ్వు. రెండింటికీ చుట్టరికం లేదు. కొనేవాళ్లు పేరు వినడంతో ఆగకుండా ఆకు చూడాలి.

శాస్త్రంలో సరస్వతి ఆకు పేరు సెంటెల్లా ఏషియాటికా. వృక్షశాస్త్రజ్ఞుడు లిన్నేయస్ 1753లో దీన్ని హైడ్రోకాటైల్ అన్నాడు. నేటి పేరు 1879లో వచ్చింది. కొరియా క్రీముల డబ్బాల మీద ‘సికా’ అని కనిపించేదీ చాలావరకు ఈ ఆకు సారమే.