అలాతచక్రం – ఆరు చేతుల ప్రతిమ

కొరివిని చేతబట్టి చీకటిలో గిరగిర త్రిప్పితే అగ్నిచక్రం కనిపిస్తుంది. చేయి ఆగగానే చక్రం అదృశ్యమవుతుంది. అది కొరివిలోనికి తిరిగి ప్రవేశించలేదు, బయటికీ పోలేదు. మాండూక్యకారికల నాలుగవ ప్రకరణంలో శ్రీ గౌడపాదాచార్యులు ఈ దృష్టాంతాన్ని స్వీకరించినందువల్లనే దానికి అలాతశాంతి అనే పేరు వచ్చింది. ఉన్నదానికీ, కనిపించేదానికీ గల భేదాన్ని ఇంత సులభంగా బోధించే ఉపమానం అరుదు. ఇరవయ్యవ శతాబ్దపు చలనచిత్రకళ ఈ ఉపమానానికి మరొక రూపాన్ని సమకూర్చింది. ఆ చరిత్రలోని ఒక ఘట్టం కాళికాదేవి పేరుతోను, ఒక తెలుగు విదుషీమణి పేరుతోను ముడిపడి ఉన్నది.

1933లో విడుదలైన ‘కింగ్ కాంగ్’ చిత్రంలో విల్లిస్ ఓబ్రయన్ అనే కళాకారుడు ఒక మహావానరాన్ని సజీవమైనట్లు చూపించారు. లాస్ ఏంజెలెస్‌లో ఆ చిత్రాన్ని చూసిన బాలుడు రే హ్యారీహౌసెన్ వయస్సు అప్పటికి పదమూడేళ్ళు. ఆ విద్యయే తన జీవితవ్రతమని అతడు నిశ్చయించుకున్నాడు. తండ్రి బొమ్మలకు లోహపు కీళ్ళు చేసి ఇచ్చేవారు, తల్లి వస్త్రాలు కుట్టేవారు. అనంతరకాలంలో ‘మైటీ జో యంగ్’ (1949) చిత్రానికి ఓబ్రయన్ వద్దనే పనిచేసి, గురుముఖతః విద్యను పరిపూర్ణం చేసుకున్నారు.

స్టాప్ మోషన్ అనే ఈ విద్య స్వరూపం ఇది. కీళ్ళతో కూడిన లోహపు అస్థిపంజరంపై రబ్బరుతో దేహాన్ని నిర్మిస్తారు. బొమ్మను రవ్వంత కదిల్చి ఒక చిత్రం తీస్తారు, మరల కదిల్చి మరొకటి తీస్తారు. వెండితెరపై ఒక క్షణకాలానికి ఇరవైనాలుగు చిత్రాలు కావలెను. ‘జేసన్ అండ్ ద ఆర్గోనాట్స్’ (1963) అనే గ్రీకు పురాణగాథా చిత్రంలో ఏడు అస్థిపంజరాలు ముగ్గురు వీరులతో ఖడ్గయుద్ధం చేస్తాయి. తెరపై కొద్ది నిమిషాలు మాత్రమే సాగే ఆ ఘట్టానికి హ్యారీహౌసెన్ నాలుగు నెలలకు పైగా ఏకాగ్రచిత్తంతో శ్రమించారు.

1973 నాటి ‘ద గోల్డెన్ వాయేజ్ ఆఫ్ సింద్‌బాద్’ చిత్రంలో ఆయన ఆరు చేతుల కాళీప్రతిమకు చలనం కల్పించారు. ప్రతిమ మొదట నర్తిస్తుంది, తరువాత ఆరు ఖడ్గాలతో సింద్‌బాద్ బృందాన్ని ఎదిరిస్తుంది. ఆ నృత్యాన్ని కూర్చినవారు అప్పటికి లండన్‌లో స్థిరపడిన టంగుటూరి సూర్యకుమారి గారు. ఆమె ఆంధ్రకేసరి ప్రకాశం పంతులు గారి సోదరుని కుమార్తె, శంకరంబాడి సుందరాచారి గారి తెలుగుతల్లి గీతాన్ని తన కంఠంతో ప్రసిద్ధం చేసిన గాయని. హాలీవుడ్ రబ్బరు బొమ్మ భంగిమల వెనుక ఒక తెలుగు బిడ్డ నాట్యజ్ఞానం ఉన్నదని ఎరిగినవారు కొద్దిమందే.

ఇంత చెప్పిన పిమ్మట ఆక్షేపాన్ని దాచరాదు. ఆ కథలో కూరా అనే మాంత్రికుడు ఆజ్ఞాపిస్తే దేవి యుద్ధం చేస్తుంది, చివరకు ఎత్తునుండి పడి ముక్కలవుతుంది. శాక్తసంప్రదాయంలో మంత్రసిద్ధుడు ఉపాసకుడే గాని శక్తికి యజమాని కాడు. జీర్ణమైన బింబాన్ని సైతం కళాకర్షణ చేసిన పిదపనే తొలగించమని ఆగమాలు విధిస్తున్నాయి. జగన్మాతను ఒక మాయావికి సేవకురాలిగా చూపడం అజ్ఞానజనితమైన దోషమే. కళానైపుణ్యం ఎంతటిదైనా ఈ దోషాన్ని పరిహరించలేదు.

అయితే అదే కథలో తెలిసో తెలియకో ఒక సత్యం ఇమిడి ఉన్నది. కూరా జడవస్తువుకు ప్రాణం పోసిన ప్రతిసారీ అతని ఆయువు క్షీణిస్తుంది, దేహం వృద్ధాప్యాన్ని పొందుతుంది. నెలల తరబడి చీకటి గదిలో బొమ్మల కీళ్ళు కదిలించిన శిల్పి స్థితి కూడా అంతే. తెరపై కనిపించిన చైతన్యం బొమ్మది కాదు, వ్యయమైన అతని ఆయువుది.

ఇక్కడ అర్చకధర్మానికీ, ఈ విద్యకూ గల భేదం స్పష్టమవుతుంది. శిల్పి చెక్కిన విగ్రహం నేత్రోన్మీలనం, ప్రాణప్రతిష్ఠ జరిగిన తరువాతనే పూజార్హమవుతుంది. ఆవాహన చేసిన మూర్తి కదలదు, కదలవలెనని భక్తుడు కోరడు. చలనం వేరు, సాన్నిధ్యం వేరు. కదిలే బొమ్మను చూసి పుట్టేది ఆశ్చర్యం. కదలని మూర్తి ఎదుట నిలిచినప్పుడు కదలవలసినది చూచేవాని హృదయం.

మరి ఆ చలనం ఎక్కడ ఉన్నది? బొమ్మ ప్రతి చిత్రంలోనూ నిశ్చలమే. ఫిల్ముపై వేలకొలది నిశ్చలక్షణాలే తప్ప కదలిక లేదు. క్షణికవాదులు జగత్తును ఇట్లే వర్ణించారు. శ్రీ శంకరభగవత్పాదులు తర్కపాదభాష్యంలో ఆ వాదాన్ని ఖండిస్తూ స్మృతిని ప్రమాణంగా చూపారు. నిన్న చూచినవాడు, నేడు స్మరించేవాడు ఒక్కడే కానిచో స్మరణమే సంభవించదు. బొమ్మ చేయి ఇంతకుముందు ఏ దిశగా కదిలినదో శిల్పి స్మరించకపోతే నృత్యం లేదు. గడచిన చిత్రాన్ని రాబోయే చిత్రంతో ప్రేక్షకుడు కలుపుకోకపోతే యుద్ధం లేదు. క్షణాలను కూర్చే సాక్షి క్షణికుడు కాడు.

హ్యారీహౌసెన్ 2013లో లండన్‌లో దివంగతులయ్యారు. ఆయన బొమ్మలు నేడు నిశ్చలంగా భద్రపరచబడి ఉన్నాయి. కొరివి ఆగింది, చక్రం లేదు. దానిని చూచిన కన్నుల వెనుక ఉన్న సాక్షి మాత్రం నాడూ నేడూ ఒక్కడే. ఆ సాక్షిని ఎరగడమే అలాతశాంతి.